అరవై దాటితే తుఫానే

మా మనవడు మొన్న కొత్త బండి తెచ్చుకున్నాడు. నూట యాభై సీసీ. సీటు మీది ప్లాస్టిక్ కవరు ఇంకా తియ్యలేదు. చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి, కొబ్బరికాయ కొట్టి, వాళ్ళ అమ్మమ్మ హెడ్‌లైటుకి పసుపు కుంకుమ పెట్టింది. "తాతయ్యా, అలా బ్రిడ్జి మీద ఒక రౌండు వేసొస్తాను" అని తాళం తిప్పబోతుంటే, "ఐదు నిమిషాలు కూర్చోరా, ఒక మాట చెప్పాలి" అన్నాను. ఆ ఐదు నిమిషాలు దీపాలు పెట్టే వేళ దాకా సాగాయి. వాడితో చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నాను. కొత్తగా బండెక్కే పిల్లలు ప్రతి ఇంట్లోనూ ఉన్నారు కదా, వాళ్ళూ పక్కన కూర్చుని విన్నట్టే అనుకోండి.

ఒరేయ్ నాన్నా, ముందు ఆ స్పీడోమీటరు చూడు. సున్నా నుంచి అంకెలున్నాయి. వాటి పక్కన వాతావరణ శాఖవాళ్ళ లెక్క ఒకటి పెడదాం. బంగాళాఖాతంలో గాలి గంటకు 31 కిలోమీటర్ల లోపుంటే అల్పపీడనం అంటారు. అక్కణ్ణుంచి 50 దాకా వాయుగుండం. 50 దాటితే తీవ్ర వాయుగుండం. 62కి చేరిందా, అది తుఫాను. అప్పుడే దానికి పేరు పెడతారు. రేవుల్లో సూచికలు ఎగరెయ్యడం, వేటకి పోవద్దని చాటించడం అంతకు ముందే మొదలవుతాయి. 89కి చేరితే తీవ్ర తుఫాను. ఇప్పుడు చెప్పు, ఆకు కదలని రోజున నువ్వు 65లో పోతున్నావనుకో, నీ గుండెల మీద కొట్టే గాలి ఏ గాలి? గాలి కదిలి నీ మీదికొచ్చినా, నువ్వు కదిలి గాలి మీదికి పోయినా ఒంటికి తగిలే దెబ్బ ఒక్కటే. అరవై దాటావంటే తుఫానులో కూర్చున్నట్టే. కారులో పోయేవాడికి అద్దం అడ్డం ఉంటుంది. నీకు చొక్కాయే అడ్డం.

"గాలేగా తాతయ్యా" అన్నాడు వాడు. గాలికి బరువుండదని మనకో నమ్మకం. మన ముందుగది చూడు, పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు, ఎత్తు కూడా పదడుగులే. అందులో ఉన్న గాలిని తక్కెడలో వెయ్యగలిగితే 30 కిలోలకు పైనే తూగుతుంది. పాతిక కిలోల బియ్యం బస్తా కన్నా బరువు. ఆ బరువంతా రోడ్డు మీద నీకు అడ్డంగా నిలబడి ఉంది. బండి ముందుకు పోవాలంటే దాన్ని క్షణక్షణం పక్కకి నెట్టుకుంటూ పోవాలి.

నెట్టడానికి ఎంత బలం కావాలో చూద్దాం. నీ ఛాతీ, భుజాలు, చేతులు, తల కలిపి గాలికి ఎదురుగా అర చదరపు మీటరు ఉంటావు. 40 వేగంలో గాలి నిన్ను వెనక్కి నెట్టే బలం సుమారు నాలుగు కిలోల బరువంత. వేగం రెట్టింపై 80 అయితే ఎనిమిది కిలోలని మనసుకి తోస్తుంది. కాదురా, పదిహేను! వేగం రెండింతలైతే గాలి దెబ్బ నాలుగింతలు అవుతుంది. ఎందుకంటే రెట్టింపు వేగంలో ఒక సెకనులో నీకు తగిలే గాలి రెట్టింపు, తగిలే ప్రతి గుప్పెడు గాలీ రెట్టింపు జోరుతో తగులుతుంది. రెండు రెళ్ళు నాలుగు. వంటింట్లో ఖాళీ గ్యాస్ సిలిండరు ఎత్తి చూడు, ఇంచుమించు పదిహేను కిలోలుంటుంది. 80లో పోతున్నంతసేపూ దాన్ని ఎవరో నీ ఛాతీకి అడ్డంగా ఆనించి నెడుతున్నట్టే లెక్క. 100లో ఇరవైమూడు కిలోలు. పెట్రోలు ఎక్కువ తాగేది కూడా అందుకే.

ఆ బరువు మోసేది ఎవరు? కొత్తవాళ్ళెవరైనా చేతులతో మోస్తారు. గాలి వెనక్కి తోస్తుంటే హ్యాండిల్ పట్టుకుని వేలాడతారు. అరగంటలో మణికట్లు పీకుతాయి, మెడ పట్టేస్తుంది. అంతకంటే పెద్ద ప్రమాదం ఇంకొకటి ఉంది. చేతులు కర్రల్లా బిగుసుకుంటే, ఒంటికి తగిలిన ప్రతి గాలి కుదుపూ ఆ కర్రల మీదుగా నేరుగా హ్యాండిల్‌కి పోతుంది. బండిని ఊపుతున్నది గాలి అనుకుంటావు. నీ చేతులే! అందుకని మోకాళ్ళతో ట్యాంకుని రెండు వైపులా నొక్కి పట్టు. నడుం దగ్గర కాస్త ముందుకి వంగు. అప్పుడు నిన్ను మోసేది తొడలూ నడుమూ. మోచేతులు వంచి వదులుగా ఉంచు. హ్యాండిల్‌ని కోడిపిల్లని పట్టుకున్నట్టు పట్టుకో, నలిగిపోకూడదు, జారిపోకూడదు. చొక్కా బొత్తాలు పెట్టుకో. బొత్తాలు విప్పిన చొక్కా వీపు మీద బుడగలా ఉబ్బి ఇంకో రెండు చేతుల మేర గాలిని పడుతుంది.

ఇక బ్రిడ్జి సంగతి. కొవ్వూరుకీ రాజమండ్రికీ మధ్య రోడ్డు కం రైలు బ్రిడ్జి 1974లో తెరిచారు. పైన రోడ్డు, కింద రైలు. రోడ్డు పొడవు నాలుగు కిలోమీటర్లకు పైచిలుకు. కొవ్వూరులో ఇల్లు, రాజమండ్రిలో హైస్కూలు ఉద్యోగం కావడంతో ఉద్యోగకాలమంతా రోజుకి రెండుసార్లు దాని మీదే తిరిగాను. గాలుల గురించి నేను చదువుకున్నది పుస్తకాల్లో కొంత, ఆ బ్రిడ్జి మీద ఎక్కువ. ఊళ్ళో ఇళ్ళూ చెట్లూ అడ్డం ఉంటాయి గనక గాలి ముక్కలుముక్కలుగా వస్తుంది. గోదావరి మీద అడ్డం ఏముంది? కోసుల దూరం నీళ్ళ మీద జారుతూ వచ్చిన గాలి అంత ఎత్తున నిన్ను పక్కనుంచి పట్టుకుంటుంది. వేసవి సాయంత్రాలు సముద్రం వైపునుంచి పైరగాలి వస్తుంది. రాజమండ్రి వెళ్ళేటప్పుడు అది కుడిచేతి వైపునుంచి కొడుతుంది, పిట్టగోడ వైపుకి నెడుతుంది. తిరిగి వచ్చేటప్పుడు ఎడమవైపునుంచి కొడుతుంది, ఎదురుగా వచ్చే లారీల వైపుకి నెడుతుంది. ఒకే గాలి, ఒకే బ్రిడ్జి. పోయేటప్పుడు ఒక జాగ్రత్త, వచ్చేటప్పుడు ఇంకో జాగ్రత్త.

ఒక ఏడాది ఆగస్టులో మా బడిలో సైన్సు ఫెయిరు. నా రాజ్‌దూత్ మీద నేనూ, వెనక మా లెక్కల మేష్టారూ. ఆయన చేతుల్లో మంచం పలకంత తెల్లటి థర్మోకోల్ షీటు. దాని బరువు ఒక కొబ్బరిచిప్పంత కూడా ఉండదు. బరువు లేదు గదా అని ఆయన నిలువుగా పట్టుకుని కూర్చున్నారు. బ్రిడ్జి మొదట్లో ఏమీ తెలియలేదు. నదీగర్భం మీదికి వచ్చేసరికి కుడివైపునుంచి ఒక్క విసురు. షీటు తెరచాప అయిపోయింది. నేను చేతులు బిగబట్టాను. బండి బారెడు దూరం ఎడమకి జరిగిపోయింది, ఎడమ ఫుట్‌రెస్టు పిట్టగోడకి రాసుకుని గరగరమంది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది. ఆపి దిగాం. మేష్టారి ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆ తర్వాత ఆయన షీటుని నేలకి సమాంతరంగా, అంచు గాలివైపు ఉండేలా పట్టుకుని అవతలి ఒడ్డు దాకా నడిచే వచ్చారు. అలా పట్టుకుంటే గాలి దాన్ని పట్టించుకోనే లేదు. షీటు అదే, గాలి అదే. ఎదురు నిలిచిన మేర ఒక్కటే మారింది. ఈ పాఠాన్ని ఆ తర్వాత ఏ క్లాసులోనూ నేను బోర్డు మీద చెప్పలేదు, అట్టముక్క ఇచ్చి డాబా మీదికి తీసుకెళ్ళి చెప్పాను.

ఆ రోజు నేనేం చెయ్యాల్సిందో చెప్తాను. ఇది చాలామంది పాత కాపులకి కూడా తెలియదు. తెలియకుండానే చేస్తుంటారు. విమానం కనిపెట్టిన రైట్ సోదరులు అసలు సైకిళ్ళు తయారుచేసి అమ్ముకునేవాళ్ళు. ఎడమకి తిరగాలంటే మొదట ఏం చేస్తారని విల్బర్ రైట్ ఎంతోమంది సైకిలు తొక్కేవాళ్ళని అడిగాడట. హ్యాండిల్ ఎడమకి తిప్పుతాం అనేవాళ్ళేగాని, ముందు ఒక్క లిప్త కుడికి తిప్పుతున్నామని గమనించినవాళ్ళు లేరు. నిజం అదే. మీ అమ్మమ్మ పొడుగు కర్రని అరచేతిలో నిలబెట్టి చూడు. కర్ర కుడికి ఒరగాలంటే అరచెయ్యి ఎడమకి జరపాలి. బండీ అంతే. చక్రం ఎడమకి జరిగితే పైనున్న నువ్వు కుడికి ఒరుగుతావు, ఒరిగాక బండి కుడికే తిరుగుతుంది. ఖాళీ రోడ్డు మీద 30, 40 వేగంలో కుడి గుప్పిటిని మెత్తగా ముందుకి నొక్కు, బండి కుడికే వాలుతుంది. స్కూలు పిల్లలకి చెప్తే నమ్మరు, చేసి చూశాక నవ్వుతారు.

కాబట్టి కుడినుంచి అడ్డగాలి కొడితే కుడి గుప్పిటిని కాస్త ముందుకి నొక్కు. బండి గాలివైపు ఒరుగుతుంది, గాలి దాన్ని ఎడమకి తోస్తుంది, ఈ రెండూ సరిపోయి రోడ్డు మీద మాత్రం సూటిగా పోతావు. దానికి బలం అక్కర్లేదు, రెండు వేళ్ళ ఒత్తిడి చాలు. అయితే ఒరిగి ఉన్నప్పుడు గాలి హఠాత్తుగా ఆగిపోతే? పక్కనుంచి లారీ వచ్చి గాలికి అడ్డం నిలిచిందనుకో, నీ ఒరుగుడు మిగిలిపోతుంది, గాలి లేదు. బండి సర్రున లారీవైపుకి పోతుంది. లారీ దాటగానే మళ్ళీ గాలి ఒక్కసారిగా కొడుతుంది. అందుకే అడ్డగాలి రోజున పెద్ద బండిని దాటాలంటే నీ లేనులో రెండు వైపులా ఖాళీ చూసుకుని, ఆ రెండు కుదుపులూ ముందే ఎదురుచూస్తూ దాటు. గాలి ఎక్కడ ఎక్కువో కనిపెట్టడం కష్టమేం కాదు. అనంతపురం వైపు రామగిరి గుట్టల మీద గాలిమరలు నిలబెట్టారు. ఏళ్ళ తరబడి గాలిని కొలిచి చూసుకుని గాని అంత ఖర్చు పెట్టరు. గాలిమర కనిపించిందంటే, రోడ్డు పక్క తాటాకులన్నీ ఒకే వైపుకి వాలి కొట్టుకుంటున్నాయంటే, చెరువు మీద నీళ్ళు ముడతలు పడి ఉన్నాయంటే నీకు కబురు అందినట్టే.

"అక్క స్కూటీ నా బండికన్నా ఎక్కువ ఊగుతుంది, ఎందుకు?" అని అడిగాడు వాడు. మంచి ప్రశ్న. మన తాతముత్తాతలు కళ్ళంలో తూర్పారబట్టేవాళ్ళు. చేటతో ధాన్యం ఎత్తి గాలికి వదిలితే పొట్టు ఎగిరిపోతుంది, గింజ కాళ్ళ దగ్గరే రాలుతుంది. గాలి రెండింటినీ ఒకేలా తోస్తుంది. మేరకి తగ్గ బరువున్నది నిలబడుతుంది, లేనిది కొట్టుకుపోతుంది. స్కూటీ వంద కిలోల చిల్లర ఉంటుంది, దాని ఒంటినిండా వెడల్పాటి రేకులూ ప్లాస్టిక్కూ. బుల్లెట్టు రెండు వందల కిలోలకి దగ్గరగా ఉంటుంది, మధ్యలో గాలి దూరిపోయే సందులెన్నో. ఆ స్కూటీకి వెనక పెద్ద డబ్బా ఒకటి తగిలిస్తే, ముందు పాదాల దగ్గర కూరగాయల సంచీ నిలబెడితే ఇంకా పొట్టుకి దగ్గరవుతుంది. అక్కకి చెప్పు, గాలి రోజున సంచీ అడ్డం పడుకోబెట్టమని.

ఎదురుగా వచ్చే ఆర్టీసీ బస్సు సంగతి వేరు. రెండు లేన్ల రోడ్డు మీద అది నీకు ఎదురొచ్చేటప్పుడు తన ముందున్న గాలిని రెండు పక్కలకీ నెట్టుకుంటూ వస్తుంది. మొదట నిన్ను బయటికి తోస్తుంది. అది నీ పక్కనుంచి పోతున్న లిప్తలో అక్కడ గాలి పలచబడి నిన్ను లోపలికి లాగుతుంది. తోపు, లాగు, రెండూ అరసెకనులో అయిపోతాయి. వాటితో పోట్లాడకు. మోచేతులు వదులుగా ఉంటే బండి తనంతట తనే సర్దుకుంటుంది. బస్సు మూలకీ నీకూ మధ్య వీలైనంత ఎడం ఉంచుకో, ఎడం పెరిగితే దెబ్బ చాలా తగ్గుతుంది. గాలి తగలకుండా హాయిగా ఉందని లారీ వెనక నీడలో పోయేవాళ్ళని చూస్తుంటాను, గుండె ఝల్లుమంటుంది. లారీ చక్రాల మధ్యనుంచి గొయ్యి బయటపడ్డాకే నీకు కనిపిస్తుంది, లారీవాడికి నువ్వు అసలు కనిపించవు.

నీ బండికి ముందు అద్దం పెట్టించుకోవాలని ఉందన్నావు కదా. పెట్టించుకో, దూరాలు పోయేవాడికి అది మేలే. కాని బ్రిడ్జి మీద ఆగి కిందికి ఒకసారి చూడు. వరదనీళ్ళు స్తంభానికి తగిలి రెండుగా చీలతాయి. స్తంభం వెనక నీళ్ళు ప్రశాంతంగా ఉంటాయా? సుళ్ళు తిరుగుతుంటాయి. ఒకటి కుడివైపునుంచి, ఒకటి ఎడమవైపునుంచి పుట్టుకొస్తూ పోతుంటాయి. అద్దం వెనక గాలి కూడా అంతే. అద్దం ఛాతీని కాపాడుతుంది, దాని పై అంచు దగ్గర గాలి సుళ్ళు తిరుగుతుంది. ఆ సుళ్ళు సరిగ్గా నీ హెల్మెట్‌కి తగిలే ఎత్తులో ఉంటే తల గిలకలా వణుకుతుంది, చెవుల్లో హోరు. అద్దం లేని బండి మీద గాలి గట్టిగా కొట్టినా సాఫీగా కొడుతుంది. తప్పు ఎత్తు అద్దం వెనక గాలి తక్కువే, కాని చికాకు ఎక్కువ.

ఎత్తు సరిపోయిందో లేదో తెలుసుకోవడం తేలిక. ఖాళీ రోడ్డు మీద 60లో పోతూ రెండంగుళాలు కిందికి వంగు. హోరు తగ్గితే అద్దం నీకు కాస్త పొట్టి. కాస్త నిటారుగా లేచి కూర్చుంటే తగ్గిందా, అప్పుడది కాస్త పొడుగు. అద్దం ఎంత పొడుగున్నా దాని పై అంచు మీదుగా రోడ్డు కనపడాలి. అద్దంలోంచి చూస్తూ తోలకూడదు. వానచినుకులు, దుమ్ము, రాత్రి ఎదురుబళ్ళ లైట్లు అన్నీ దాని మీదే చేరతాయి. అద్దం కింద, హెడ్‌లైటు పైన రెండు వేళ్ళ సందు వదిలితే మంచిది. ఆ సందులోంచి వచ్చే కాస్త గాలి వెనకనున్న ఖాళీని నింపుతుంది, సుళ్ళ జోరు తగ్గుతుంది. ఇంకో మాట. హ్యాండిల్‌కి బిగించే అద్దం అడ్డగాలిని పట్టి హ్యాండిల్‌నే తిప్పాలని చూస్తుంది. బండి చట్రానికి బిగించేది దొరికితే అదే తీసుకో.

హెల్మెట్ గురించి ఎక్కువ చెప్పను, నీకు తెలుసు. ఐఎస్ఐ గుర్తు ఉండాలి, ముఖమంతా కప్పాలి, పట్టీ బిగించి ఉండాలి. వదులు హెల్మెట్‌ని గాలి పైకి లేపుతుంది, మెడ నొప్పి సగం దానివల్లే. సాయంత్రం వరిచేల పక్కన పోయేటప్పుడు ముఖం అద్దం తప్పకుండా దించు. 60 వేగంలో కంట్లో చిన్న పురుగు పడితే, కళ్ళు మూసుకునే ఆ ఒక్క సెకనులో పదహారు మీటర్లకు పైగా గుడ్డిగా పోయినట్టే.

చలికాలం లంబసింగి పోదామని మీ స్నేహితులు అనుకుంటున్నారట. పోండి, చూడాల్సిన చోటు. కాని వేడి కాఫీ ఎలా తాగుతావు? ఊదుకుంటావు. కాఫీ పైన వేడిగాలి పొర ఒకటి పరుచుకుని ఉంటుంది, నువ్వు ఊది దాన్ని తరిమేస్తావు, కాఫీ మళ్ళీ ఇంకో పొరని వేడిచేసుకోవాలి, ఇలా చల్లారిపోతుంది. మన ఒంటి చుట్టూ కూడా అలాంటి వెచ్చటి పొర ఉంటుంది. 60 వేగంలో నిన్ను అదేపనిగా ఊదుతున్నారన్నమాట. 10 డిగ్రీల చలి 5 డిగ్రీల్లా కొరుకుతుంది. ఉన్ని స్వెట్టరు ఒక్కటే వేసుకుంటే లాభం లేదు, దాని కన్నాల్లోంచి గాలి దూరి లోపలి వెచ్చదనం మోసుకుపోతుంది. ఉన్ని లోపల ఉండాలి, పైన గాలి దూరని గుడ్డ ఉండాలి. ఏమీ లేకపోతే దినపత్రిక నాలుగు మడతలు పెట్టి స్వెట్టరుకీ చొక్కాకీ మధ్య ఛాతీ మీద పెట్టుకో. కాగితం గాలిని ఆపుతుంది, మడతల మధ్య నిలిచిన గాలి వెచ్చదనాన్ని ఆపుతుంది. డిసెంబరు తెల్లవారుజాముల్లో ట్యూషన్లు చెప్పడానికి ఎన్నో ఏళ్ళు అలాగే వెళ్ళాను. చేతులకి మాత్రం చేతిజోళ్ళు తప్పనిసరి. వేళ్ళు కొయ్యబారితే బ్రేకు పట్టుకోవడానికి మామూలు కన్నా ఎక్కువ టైము పడుతుంది. ఘాటు రోడ్డు దిగేటప్పుడు ఆ టైము ఉండదు.

ఎండాకాలం లెక్క తిరగబడుతుంది. మన చర్మం 35 డిగ్రీల దగ్గర ఉంటుంది. గాలి అంతకన్నా చల్లగా ఉంటే మన వేడిని తీసుకుపోతుంది. రామగుండంలోనో రెంటచింతలలోనో 45 డిగ్రీల పడమటి గాలిలో పోతుంటే తన వేడిని మనకే ఇస్తుంది. అప్పుడు మనల్ని కాచేది చెమట ఒక్కటే. ఒక లీటరు చెమట ఆవిరైతే మన ఒంట్లోంచి పట్టుకుపోయే వేడితో ఏడు లీటర్ల చన్నీళ్ళు మరిగించవచ్చు. అంత గొప్ప ఏర్పాటు అది. కాని బండి మీద చెమట పట్టిన క్షణంలోనే ఆరిపోతుంది, చొక్కా తడవదు, నీళ్ళు పోతున్నట్టే తెలియదు. గంటన్నర తర్వాత దిగితే కళ్ళు తిరుగుతాయి. అందుకని పొట్టిచేతుల చొక్కాతో పోకు. పొడుగు చేతుల నూలు చొక్కా వేసుకో, మెడచుట్టూ తుండు తడిపి చుట్టుకో. కుండలో నీళ్ళు చల్లబడే పద్ధతే అది. దాహం వెయ్యకపోయినా గంటకోసారి ఆగి ఉప్పు వేసిన మజ్జిగ తాగు.

ఇప్పుడు చెప్పబోయేది మాత్రం మనసులో పెట్టుకో. అమ్మనో అమ్మమ్మనో ఎక్కించుకున్నప్పుడు నీ వీపు వెనక గాలి పలచగా ఉంటుంది, సుళ్ళు తిరుగుతుంటుంది. కొంగునీ చున్నీనీ ఆ సుళ్ళు వెనక్కీ కిందికీ లాగుతాయి, అంటే చక్రంవైపుకే. 40 వేగంలో చక్రం సెకనుకి ఐదారు చుట్లు తిరుగుతుంది. "ఆపరా" అనే మాట నోట్లోంచి వచ్చేలోగా చీర కొంగు చక్రానికి పది చుట్లు చుట్టుకుంటుంది. మెడచుట్టూ ఉన్న చున్నీ అయితే ఏమవుతుందో చెప్పను. 1989 కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వది ఇందుకోసమే ఉంది. వెనక చక్రాన్ని కనీసం సగం కప్పే కవచం ఉండాలి, వెనక కూర్చున్నవాళ్ళకి పట్టుకోవడానికి పిడి ఉండాలి, కాళ్ళు పెట్టుకోవడానికి ఫుట్‌రెస్టు ఉండాలి. చూడ్డానికి బాగాలేదని ఆ శారీ గార్డు పీకించేస్తున్నారు కుర్రాళ్ళు. నువ్వు పీకించకు. వాళ్ళు ఎక్కగానే కొంగు ముందుకి తెచ్చి నడుముకి దోపుకున్నారో లేదో వెనక్కి తిరిగి చూసి గాని క్లచ్ వదలకు.

బ్రేకులు ఇంకా మిగిలాయి. బస్సు డ్రైవరు బ్రేకు వేస్తే నిలబడ్డవాళ్ళందరూ ముందుకే తూలుతారు కదా, బండి బరువు కూడా అలాగే ముందు చక్రం మీదికి వస్తుంది. వెనక చక్రం తేలికై జారిపోతుంది, ముందుది రోడ్డుని గట్టిగా కరుచుకుంటుంది. బండిని ఆపే పనిలో మూడింట రెండొంతులకి పైగా ముందు బ్రేకుదే. ముందు బ్రేకు వేస్తే పల్టీ కొడతామని మనవాళ్ళలో తరతరాల భయం, వెనక బ్రేకు మీదే బతుకుతుంటారు. గుప్పున పట్టేస్తేనే ప్రమాదం. ముందు కాస్త నొక్కి, బరువు ముందుకి వచ్చాక ఇంకా నొక్కాలి, గుడ్డ పిండినట్టు. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన బళ్ళకి ఏబీఎస్ తప్పనిసరి చేశారు, నీ దానికీ ఉంది, చక్రం బిగుసుకుపోకుండా చూస్తుంది. కాని తాటిచెట్టు లెక్క ఒకటుంది, మర్చిపోకు. 60 వేగంలో గోడని గుద్దుకోవడమంటే 14 మీటర్ల ఎత్తునుంచి పడ్డట్టు. తాటిచెట్టు మొవ్వులోంచి దూకినట్టు. ఇక రోడ్డు మీద వడ్లు ఆరబోసిన చోట ఏ బ్రేకూ పనిచెయ్యదు. టైరుకీ రోడ్డుకీ మధ్య అంటుకుని ఉండేది అరచేతి మేర, ఆ అరచేతి కింద గింజలు గోళీల్లా దొర్లుతాయి. వడ్లు కనపడగానే నిటారుగా ఉండగానే వేగం తగ్గించుకో, గింజల మీద వంపు తిరగకు.

"అయితే ఇవాళ బ్రిడ్జి వద్దా తాతయ్యా?" అన్నాడు చివరికి. ఆదివారం పొద్దున ఆరింటికి హైస్కూలు గ్రౌండుకి పోదాం అన్నాను. ఒక ఇటుక పట్టుకురమ్మన్నాను, గుర్తుకి. దాని దగ్గర బ్రేకు మొదలుపెట్టి 30 వేగంలోంచి ఎన్ని అడుగుల్లో ఆగావో లెక్కపెడదాం. వెనక బ్రేకుతో పదిసార్లు, ముందుదీ వెనకదీ కలిపి పదిసార్లు. తేడా నువ్వే అడుగులేసి కొలుచుకో. ఎండ ఎక్కేలోగా బ్రిడ్జి మీదికి వెళ్దాం. వెనక నేను కూర్చుంటాను. నా చెయ్యి నీ భుజం మీద ఉంటుంది, గాలికి నీ భుజం బిగుసుకుంటే నాకు తెలుస్తుంది. అప్పుడు ఒక్క తట్టు తడతాను, వదులు చేసెయ్.